తొమ్మిదో పేరు

పోయిన వారం సమ్మవ్వను ఆసిఫాబాద్ డాక్ బంగళా వరండాలో వదిలి వచ్చాం. చంకలో పాత దుప్పటి మూట, పక్కన తోడికోడలు లస్మవ్వ, ఎదురుగా మూసి ఉన్న తలుపు. తలుపు వెనక విచారణకు వచ్చిన డిప్యూటీ కలెక్టరు ఉన్నాడు.

ఈ వారమే మనతో కలిసినవాళ్ల కోసం వెనక జరిగింది కొంచెం చెప్పాలి. నిజాం రాజ్యం మీదికి మిలిటరీ వచ్చిన మూడో రోజు సాయంత్రం, సాలెపల్లె నుంచి తొమ్మిది మంది నేతగాళ్లు ఖాకీ తాన్లు భుజాన వేసుకుని ఆసిఫాబాద్‌కు బయలుదేరారు. ఆ గుడ్డ నేసి, రంగు వేసి తెచ్చి ఇవ్వాలని వాళ్లకు రజాకార్ల హుకుం. కాదనే ధైర్యం ఆ రోజుల్లో ఎవరికుంది? వాగు దగ్గర లారీల్లో ఎదురైన సిపాయిలు ఖాకీని చూసి కాల్చారు. మరునాడు ఊరి పట్వారి దిగంబర్‌రావు రాసిన పంచనామాలో ఆ తొమ్మిది మందీ రజాకార్లు. సమ్మవ్వ మొగుడు పోశం వాళ్లలో ఒకడు. పోశం తమ్ముడు, లస్మవ్వ మొగుడు గట్టయ్య ఇంకొకడు. గట్టయ్య శవం దొరకలేదు. వాగు తీసుకుపోయిందన్నారు.

తొమ్మిదిన్నర ఏళ్లు ఇద్దరు ఆడవాళ్లూ ఒకే ఇంట్లో రెండు మగ్గాలు నడుపుకుంటూ బతికారు. పోయిన ఏడు సమ్మవ్వ కూతురు నర్మదకు టీచరు ట్రైనింగులో సీటు వచ్చింది. పోలీసులు వివరాలు వాకబు చేశారు. 'తండ్రి రజాకారు' అన్న రెండు మాటలతో సీటు పోయింది. ఆ వారమే సమ్మవ్వ మొదటి అర్జీ రాయించింది. పదకొండో అర్జీకి విచారణ పడింది.

బంట్రోతు ఇంకా పిలవలేదు. వరండా చివర బల్ల మీద మున్షీ యూసుఫ్ సాబ్ కూర్చుని కళ్లద్దాలు తుడుచుకుంటున్నాడు. ముప్పై ఏళ్లు బడిలో ఉర్దూ చెప్పి రిటైరైన మనిషి. తాలూకా రికార్డు గదిలో చెదలు పట్టిన కట్టల మధ్య నుంచి ఆ పంచనామాను వెతికి పట్టింది ఆయనే.

"భయమైతుందా సమ్మవ్వా?" అన్నాడు.

"భయపడే దినాలు ఎప్పుడో అయిపోయినయి మున్షీ సాబ్. పట్వారి లోపలికి పోయి గంటాయె. ఏం చెప్తుండో అని సూస్తున్న."

ఆయన అద్దాలు పెట్టుకున్నాడు.

"మీ వాళ్ల మీద అబద్ధపు కాగితమన్న ఉన్నది. గా నెలలనే మిలిటరీ వచ్చినంక గుంపుగ వచ్చి మా తమ్మున్ని చంపిండ్రు. వాని మీద ఏ కాగితమూ లేదు. వెతికిన, నేను. మీది వెతుకుతుంటె మా వానిది గూడ దొరుకుతదేమో అని అన్ని కట్టలూ విప్పిన."

సమ్మవ్వ ఆయన వైపు తిరిగింది.

"వచ్చినోళ్లు ఎవలో ఎరుకేనా నీకు?"

"ఇద్దరు ముగ్గురు ఎరుకే."

"మరి ఇన్నేండ్లు ఎందుకు ఊకున్నవు? ఇయ్యాల నాది కానియ్యి. మల్ల వారం నీ అర్జీ రాద్దాం. నువ్వే రాయి, నేను తోడొస్త. ఈ బంగళాకు తొవ్వ ఎట్లనో నాకిప్పుడు మంచిగ తెలిసింది."

మున్షీ సన్నగా నవ్వాడు. లస్మవ్వ మాత్రం నవ్వలేదు. పొద్దున బస్సు ఎక్కినప్పటి నుంచీ ఆమె నోరు విప్పలేదు. సమ్మవ్వ అది గమనించింది. కొత్త చోటు, అధికార్లు, అందుకే బెదురుతోంది అనుకుంది.

తలుపు తెరుచుకుంది.

* * *

డిప్యూటీ కలెక్టరు సోమయాజులు గోదావరి జిల్లా మనిషి. బదిలీ మీద ఇక్కడికి వచ్చి ఆరు నెలలైంది. ఉర్దూ రాదు, ఈ ప్రాంతం మాట ఇప్పుడిప్పుడే చెవికి ఎక్కుతోంది. ముక్కు సూటి మనిషని పేరు. బల్లకు ఒక పక్కన గుమాస్తా, మరో పక్క కుర్చీలో పట్వారి దిగంబర్‌రావు. ఇస్త్రీ చేసిన ఖద్దరు లాల్చీ, మడత నలగని తెల్ల టోపీ. ఆడవాళ్లిద్దరినీ చూసి పట్వారి పలకరింపుగా తల ఊపాడు, తన ఇంటికి వచ్చిన వాళ్లను పలకరించినట్టు.

"పోశం భార్యవు నువ్వేనా అమ్మా?" అన్నాడు సోమయాజులు.

"నేనే సారూ. సమ్మవ్వ. ఈమె మా యారాలు లస్మవ్వ."

"మీ పదకొండు అర్జీలూ చదివాను. పట్వారి గారి మాటలు కూడా విన్నాను. ఇప్పుడు అసలు కాగితం చదివించాలి."

దిగంబర్‌రావు ముందుకు వంగాడు. "మున్షీకి శ్రమ ఎందుకు సర్? చూపు మందగించిన మనిషి. నేనే చదివి వినిపిస్త. నా చేతిరాత నాకే కద తెలిసేది."

సోమయాజులు చెయ్యి కాగితం మీద ఆగింది. మర్యాదగల మాటే. కాదనడానికి కారణం తోచలేదు.

"రాసినోడే చదివేటట్లయితే నేను ఇంత దూరం ఎందుకు వస్త సారూ?" అంది సమ్మవ్వ. గొంతు పెంచలేదు. "మున్షీ సాబ్ చదువుతడు. పట్వారి పంతులు ఇంటడు. తప్పు చదివితె పంతులు చెప్తడు. ఇద్దరూ ఇక్కడనే ఉండిరి కద."

"అది బాగుంది," అన్నాడు సోమయాజులు. కాగితం మున్షీ చేతికి ఇచ్చాడు.

మున్షీ కిటికీ దగ్గరికి వెళ్లి వెలుతురుకు పట్టి చదివాడు. ఒక్కో వాక్యం ఉర్దూలో చదివి, ఆగి, తెలుగులో చెప్పాడు.

"సాలెపల్లె వాగు ఒడ్డుకు పొద్దుగాల నేను స్వయంగ పోయిన. తొమ్మిది శవాలు నా కండ్లార చూసిన. తొమ్మిది మంది ఒంటి మీద ఖాకీ వర్దీ ఉన్నది. వీళ్లు రజాకార్లని, మిలిటరీ మీద తిరగబడి చచ్చిండ్రని నాకు ఎరుక. ఇది సత్యం." మున్షీ ఊపిరి పీల్చుకున్నాడు. "కింద పేర్లున్నయి. పోశం, తండ్రి రాజన్న. గట్టయ్య, తండ్రి రాజన్న. రాయమల్లు, తండ్రి ఎల్లయ్య..."

తొమ్మిది పేర్లు, తొమ్మిది మంది తండ్రుల పేర్లు. ప్రతి పేరు పక్కనా వృత్తి అని ఉన్న చోట ఒకే మాట, రజాకార్. ఆ మాట తొమ్మిదిసార్లు వినేసరికి గుమాస్తా కూడా కలం ఆపి తలెత్తాడు.

"సరిగ్గా చదివారా?" అని సోమయాజులు పట్వారిని అడిగాడు.

"సరిగనే చదివిండు. అబద్ధం ఏమున్నది సర్ ఇండ్ల? ఖాకీ తొడుక్కున్నరు. ఆ రోజులల్ల ఖాకీ తొడిగెటోళ్లు ఎవలు? చిన్న పోరన్ని అడిగినా చెప్తడు. వీళ్ల మీద నాకు జాలి లేక కాదు. మొగోళ్లు చేసిన తప్పుకు ఆడోళ్లు పరేషాన్ అవుతున్నరు. ఆ పిల్లకు సీటు ఇప్పియ్యుండ్రి, నేనే సిఫారసు చేస్త. పాత కాగితాలు తవ్వుకుంట పోతె ఎవలికి లాభం?"

అతను అన్నది ఎంతో సబబుగా వినిపించింది. సీటు వస్తుంది. గొడవ సద్దుమణుగుతుంది. సోమయాజులు సమ్మవ్వ ముఖంలోకి చూశాడు, ఒప్పుకుంటుందేమోనని.

సమ్మవ్వ వంగి మూట విప్పుతోంది.

* * *

దుప్పటి మడతల్లోంచి ఆమె ఒక ఖాకీ తాను తీసింది. పెద్ద తలగడంత ఉంటుంది. మడతల అంచులు వెలిసిపోయి తెల్లబడ్డాయి, లోపలి రంగు మాత్రం అలాగే ఉంది. ఒక పక్కన అరచేతి వెడల్పున నల్లటి మరక గడ్డకట్టి ఉంది.

దాన్ని చూసి లస్మవ్వ ఒక అడుగు వెనక్కి వేసింది. అంతకాలం ఒకే కప్పు కింద ఉండి కూడా ఆమె దాన్ని ఎన్నడూ చూడలేదు.

"ఏమిటిది?" అన్నాడు సోమయాజులు.

"మా ఆయన భుజం మీద ఉండె సారూ. నేను నేసిన తాను. కరక్కాయ, తుమ్మచెక్క ఉడకబెట్టి అన్నభేది వేసి రంగు దించింది గూడ నేనే. బండి మీద ఆయన్ను తెచ్చుకున్ననాడు ఇది ఆయన కింద ఉండె. మగ్గం గుంతల చిన్న గూడు తవ్వి దాచిన. ఉతకలే. పదకొండు అర్జీలల్ల గూడ దీని ముచ్చట ఎత్తలే. ఎత్తితె విచారణ కన్న ముందుగాలనే దీన్ని ఎత్తుకపోతరని."

తానును బల్ల మీద పెట్టింది. దాని పై మడత మీద వేలు పట్టేంత చిల్లు ఉంది.

"గుండు ఇక్కడ పడ్డది. జర ఆ మడత విప్పుండ్రి సారూ. మీరే విప్పుండ్రి."

సోమయాజులు ఒక మడత విప్పాడు. కింద మరో చిల్లు. ఇంకో మడత విప్పాడు. మళ్లీ చిల్లు, సరిగ్గా అదే చోట. ఆయన లేచి నిలబడి రెండు చేతులతో విప్పడం మొదలుపెట్టాడు. గుడ్డ బల్ల దాటి నేల మీదికి జారింది. మూరమూరకూ చిల్లు. అంచులు కాలి నల్లబడిన చిల్లు. గుమాస్తా గుడ్డ కొస పట్టుకోవడానికి లేచాడు.

"పదిహేడు," అన్నాడు గుమాస్తా, తనలో తాను లెక్కబెట్టుకున్నవాడిలా.

"ఇప్పుడు మల్ల మడత వెట్టుండ్రి."

ఆయన ఆ మాట పాటించాడు. ఆమె చెప్పినట్టల్లా చేస్తున్నానన్న సంగతి ఆయనకు తోచనే లేదు. పాత మడతల గుర్తుల వెంబడే గుడ్డ తనంతట తనే పడింది. సమ్మవ్వ బల్ల మీది ఎర్ర పెన్సిలు చూపించింది. సోమయాజులు దాన్ని తీసుకుని పై చిల్లులో పెట్టి నెమ్మదిగా నొక్కాడు. పదిహేడు మడతల్లోంచీ పెన్సిలు అడ్డం లేకుండా దూరి, అవతల నల్లటి మరక మధ్య నుంచి మొన చూపించింది.

"తొడుక్కున్న వర్దీకి ఒక గుండు తాకితె ఒకటో రెండో చిల్లులు పడుతయి. పదిహేడు పడుతయా సారూ? అది వర్దీ కాదు. కుట్టు పడని గుడ్డ. మా ఆయన ఎన్నడు ఖాకీ తొడగలే. మోసిండు, గంతే. మోయుమన్నరు, మోసిండు."

సోమయాజులు పెన్సిలు బయటికి తీశాడు. మరక మీద పొరపాటున తగిలిన తన వేళ్ల వైపు చూసుకుని, రుమాలు కోసం జేబులో చెయ్యి పెట్టి, తుడుచుకోకుండానే చెయ్యి తీసేశాడు.

"రాయండి," అన్నాడు గుమాస్తాతో. "తానును నా చేతులతో విప్పి చూశాను. గుండు మడతపెట్టిన గుడ్డలోంచి దూసుకుపోయిందని నిర్ధారించుకున్నాను. ఒంటి మీద వర్దీ అన్న మాట అబద్ధం." పట్వారి వైపు తిరిగాడు. "మీరేమంటారు?"

దిగంబర్‌రావు టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. గొంతు మారింది.

"ఏమంట సర్? ఆ రోజు సంగతి మీకు తెల్వది. మిలిటరీ ఆఫీసర్ బల్ల మీద పిస్తోల్ పెట్టి కూసున్నడు. రాయి అన్నడు, రాసిన. వర్దీ అన్నడు, వర్దీ అని రాసిన. రజాకార్ అన్నడు, రజాకార్ అని రాసిన. నేనొక పట్వారిని. నా పెండ్లాం పిల్లలు ఇంట్ల ఉండిరి. నా జాగల మీరున్నా గదే చేద్దురు."

అందులోనూ నిజం లేకపోలేదు. తుపాకీ ముందు కూర్చున్న మనిషి ఏం రాయడు? సోమయాజులు మళ్లీ ఆలోచనలో పడ్డాడు.

"నేనొకటి అడగొచ్చా సారూ?" అంది సమ్మవ్వ.

"అడుగమ్మా."

ఆమె పట్వారి వైపు తిరిగింది. సాలెపల్లెలో అతను వీధిలోకి వస్తే పక్కకు జరిగి నిలబడే మనిషి ఆమె. ఇప్పుడు అతని కుర్చీకి రెండడుగుల దూరంలో నిలబడి కళ్లలోకి చూస్తోంది.

"ఆ మిలిటరీ సారుకు తెలుగొచ్చునా పంతులూ?"

"రాదు. హిందీల మాట్లాడిండు."

"మనూరికి మునుపెన్నడన్న వచ్చిండా?"

"ఆయనెందుకొస్తడు? ఏ దేశపోడో."

"మరి మా మామ పేరు రాజన్న అని ఆయనకు ఎవలు చెప్పిండ్రు?"

దిగంబర్‌రావు ఒళ్లోని టోపీ అంచు సరిచేసుకున్నాడు.

"రాయమల్లు తండ్రి ఎల్లయ్య. ఎల్లయ్య సచ్చి అప్పటికే ఇరువై ఏండ్లు. ఆ పేరు మనూర్ల ముసలోళ్లకే గుర్తుండె. ఆ సారు పిస్తోల్ పట్టిండేమో. ఆ తండ్రుల పేర్లు ఆయన చెప్పలే. నువ్వు ఒక్కొక్కల మొకం సూసి గుర్తువట్టి రాసినవ్. వాళ్లు ఎవలో నీకు ఎరుకే. వాళ్లు ఏం పని చేస్తరో గూడ ఎరుకే. వృత్తి అని ఉన్నకాడ 'సాలె' అని రాస్తె నీ చెయ్యి ఇరుగుతుండెనా?"

"సమ్మవ్వా, మాటలు తిన్నగ రానియ్యి."

"తిన్నగనే వస్తున్నయి. ఖాకీ నెయ్యుమని మా వాకిట్ల నిలవడి చెప్పింది ఎవలు? ఆ రజాకార్ల పెద్దమనిషి మా మొకం గూడ చూడలే. నువ్వొచ్చినవ్. మగ్గాలు లెక్కవెట్టినవ్. ఇంటికి రెండు తాన్లు అని చెప్పిపోయినవ్. మిలిటరీ వచ్చిందని తెలిసినంక, ఆ గుడ్డ ఎవల కోసం నేసిండ్రని అడిగితె నీ పేరు బయిటికొస్తదని భయపడ్డవ్. నేతగాళ్లు అని రాస్తె ఎవలు నేయిమన్నరని అడుగుతరు. రజాకార్లు అని రాస్తె ఎవలూ ఏమీ అడగరు. కాల్చినోళ్లకు మేమెవలమో తెల్వది. నీకు తెలుసు."

గుమాస్తా కలం చకచకా సాగుతోంది. సోమయాజులు అతన్ని ఆగమనలేదు. పట్వారితో మాట్లాడేటప్పుడు మాత్రం ఇంతకు ముందున్న మెత్తదనం పోయింది.

"పంచనామాలో మీరు ప్రమాణం చేసి రాసిన మాట ఇంకొకటి ఉంది. తొమ్మిది శవాలు కళ్లారా చూశానని. ఎన్ని దహనాలు జరిగాయమ్మా?"

"ఎనిమిది సారూ. మా మరిది గట్టయ్య దొరకలే. వాగు నిండుగ ఉండె."

"మరి తొమ్మిదోది ఎక్కడ చూశారు పట్వారి గారూ? జవాబు జాగ్రత్తగా చెప్పండి. ప్రభుత్వ కాగితంలో చూడని శవాన్ని చూశానని రాయడం ఎంత నేరమో మీకు నేను చెప్పక్కర్లేదు."

దిగంబర్‌రావు గోడ వైపు చూశాడు. ముఖం మీద చెమట పట్టింది. మాఘ మాసపు చలి ఇంకా పోలేదు. చాలాసేపటికి తల తిప్పినప్పుడు అతని కళ్లలో భయం బదులు కొత్త ఆశ ఏదో కనిపించింది, మునిగిపోతున్నవాడికి కొమ్మ దొరికినట్టు.

"తొమ్మిదోది చూడలే. ఎందుకంటె తొమ్మిదోడు సావలే. వాన్ని కాపాడింది నేనే. రాసుకోండ్రి ఇది గూడ."

సమ్మవ్వకు ముందు అర్థం కాలేదు.

"ఆ సాయంత్రం గట్టయ్య వాగుల వడి, కింది రేవు కాడ తేలి, చీకటి కాకముందే మా పశువుల కొట్టంలకు వచ్చిండు. ఎడమ చేతికి దెబ్బ. నేనే కట్టు కట్టిన. మిలిటరీ ఇంకా ఊరి చుట్టే ఉన్నది, దొరికితె బతకనియ్యరు, ఈ జిల్లాల కనవడకు అని చెప్పి పంపించిన. పంచనామాల వాని పేరు గూడ ఎక్కిచ్చిన. సచ్చిండని రాసి ఉంటె ఇంక ఎవలూ వెతకరు కద సర్. ఒక మనిషి పానం కోసం రాసిన అబద్ధం అది."

సమ్మవ్వ బల్ల అంచు పట్టుకుంది. గట్టయ్య బతికాడు. వాగు ఒడ్డున ఏం జరిగిందో కళ్లతో చూసిన మనిషి, తుపాకీ పేలక ముందు ఎవరు ఏమన్నారో విన్న మనిషి, బతికి ఉన్నాడు. దాని వెంటనే ఇంకొకటి కూడా తట్టింది.

"కాపాడినవా?" అంది మెల్లగా. "సచ్చినోడు అని రాసినంక వాడు తిరిగొచ్చి సాక్షి ఎట్ల చెప్తడు పంతులూ? బతికొస్తె రజాకారు, రాకపోతె శవం. నువ్వు వాన్ని కాపాడలే. వాని నోరు కట్టేసినవ్. ఆ కొట్టంల కట్టు కట్టింది చేతికి కాదు."

దిగంబర్‌రావు ఏదో అనబోయాడు. సోమయాజులు చెయ్యి ఎత్తి ఆపాడు.

"రాయండి," అన్నాడు మళ్లీ. ఈసారి తనే ఒక్కో మాటా ఒత్తి పలికాడు. "ఈ పంచనామా నమ్మదగినది కాదు. దీనిలో రజాకార్లని రాసిన వాళ్లు నేతగాళ్లు. వాళ్ల పేర్ల పక్కన ఆ మాట కొట్టివేసి, గట్టయ్య తప్ప మిగిలిన ఎనిమిది మందీ యుద్ధంలో చనిపోయిన సామాన్య పౌరులని నమోదు చేయాలని కలెక్టరు గారికి సిఫారసు చేస్తున్నాను. దీని నకలు ట్రైనింగు స్కూలుకు పంపాలి." సమ్మవ్వ వైపు చూశాడు. "ఇది ఈ రోజే పోతుందమ్మా. నా చేత్తో సంతకం చేసి పంపుతాను."

"ఒకసారి చదివి వినిపియ్యుండ్రి సారూ."

గుమాస్తా చదివాడు. సమ్మవ్వ కళ్లు మూసుకుని విన్నది. నేతగాళ్లు అన్న మాట వచ్చినప్పుడు ఆమె పెదవులు కదిలాయి. కిటికీ దగ్గర మున్షీ యూసుఫ్ సాబ్ కాగితాన్ని జాగ్రత్తగా మడిచి బల్ల మీద పెట్టి, ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

"ఇక పట్వారి గారి సంగతి," అన్నాడు సోమయాజులు. "తప్పుడు పంచనామా రాశారని తేలింది. ఆ గుడ్డ నేయించింది కూడా ఈయనే అని రుజువు కావాలంటే చూసినవాళ్లు కావాలి. గట్టయ్య అనే ఆ మనిషి బతికే ఉంటే..."

అప్పుడు గుర్తొచ్చింది సమ్మవ్వకు లస్మవ్వ. తొమ్మిదిన్నర ఏళ్లు బొట్టు చెరిపేసుకుని, గాజులు లేని చేతులతో మగ్గం ముందు కూర్చున్న మనిషి. ఏటా పితరుల అమావాస్యకు గట్టయ్య పేరు మీద విస్తరి వేసిన మనిషి. ఈ మాట విని కూలిపోతుందేమో, పట్టుకోవాలి అని సమ్మవ్వ గబుక్కున వెనక్కి తిరిగి ఆమె భుజం పట్టుకుంది.

"లస్మీ, ఇన్నవా? మా గట్టయ్య సావలే. పాణంతోని ఉన్నడు. నీ మొగడు ఉన్నడే."

లస్మవ్వ కూలిపోలేదు. ఏడవలేదు. ఆమె కళ్లు నేల మీద ఉన్నాయి. గుడ్డ కొస ఇంకా అక్కడే పడి ఉంది.

"ఎరుకే అక్కా," అంది.

సమ్మవ్వ చెయ్యి భుజం మీదే ఆగిపోయింది.

"బెల్లంపల్లిల ఉన్నడు. బొగ్గు బాయిల దిగుతుండు. పేరు మార్చుకున్నడు. నాకు ఎరుకయ్యి ఏడేండ్లాయె."

ఏడేళ్లు. సమ్మవ్వ ఆ ఏడేళ్లను ఒక్కొక్కటే తలుచుకుంది. ఒకే పొయ్యి, ఒకే కుండలో గటక, పక్కపక్కన రెండు మగ్గాల చప్పుడు. ఇంటి వెనక కూర్చుని ఇద్దరూ కలిసి ఏడ్చిన సాయంత్రాలు.

సోమయాజులు కుర్చీలో ముందుకు జరిగాడు. "చాలా మంచి మాట చెప్పావమ్మా. బెల్లంపల్లి ఎంత దూరం గనక? రేపే సమను పంపిస్తాను. ఆయన వచ్చి చూసింది చెబితే ఈ కేసు తేలిపోతుంది."

"ఆయన రాడు సారూ." లస్మవ్వ మొదటిసారి తలెత్తింది. సోమయాజులు వైపు కాదు, సమ్మవ్వ వైపు. "పట్వారికి భయపడి కాదు. పోలీసోళ్లకూ కాదు. ఆ దినం వాగు కాడ జరిగింది ఒకటున్నది. అది మా అక్క ముందర చెప్పుమంటె నేను చెప్పలేను."

దిగంబర్‌రావు చప్పున టోపీ తల మీద పెట్టుకున్నాడు. అతని పెదవుల చివర సన్నని నవ్వు కదలడం మున్షీ చూశాడు. ఆ రహస్యం పట్వారికీ తెలుసు.

"అమ్మా, కావాలంటే నువ్వు కాసేపు బయట ఉండు," అన్నాడు సోమయాజులు సమ్మవ్వతో, కొంచెం ఇబ్బందిగా.

సమ్మవ్వ తోడికోడలి భుజం మీద నుంచి చెయ్యి తీయలేదు. ఇంకా గట్టిగా పట్టుకుంది.

"నేను ఎక్కడికీ పోను సారూ. పంతులు రాసిన అబద్ధం తోటి పదేండ్లు బతికిన. నిజం నా ముందర నిలవడితె తలుపవతలికి పోయెటందుకు రాలే." గుమాస్తా వైపు తిరిగింది. "నువ్వు కలం పట్టుకో బిడ్డా. అది నా మొగని మీదికొచ్చినా సరే, నా మీదికొచ్చినా సరే, ఒక్క మాట ఇడువకుంట రాయి."

తర్వాత లస్మవ్వ గడ్డం పట్టి ముఖం తన వైపు తిప్పుకుంది.

"చెప్పు చెల్లె. వాగు కాడ మా ఆయన ఏం చేసిండు?"

లస్మవ్వ తల అడ్డంగా ఊపింది.

"బావ ఏం చెయ్యలే అక్కా," అంది. "మొదటి గుండు మిలిటరోళ్లది కాదు."